అమ్మ ఎక్కి దిగిన కారు

పదేళ్లనాటి ఆల్టోని అమ్మేశాం. ఈసారి కొనేది స్విఫ్టేనని నా పట్టు. స్టీరింగ్ ఇలా తిప్పితే చాలు, అలా మలుపు తిరిగేస్తుంది మరి! మావారేమో వ్యాగనార్ డిక్కీ 341 లీటర్లు, స్విఫ్ట్‌ది 265 అంటూ ఒకటే లెక్కలు. (ఊరెళ్లేటప్పుడు సామాను సర్దేది మాత్రం నేనే.)

షోరూముకి అమ్మనీ తీసుకెళ్లాం. స్విఫ్ట్ బాగానే ఎక్కింది. దిగేటప్పుడే మోకాళ్లు సహకరించలేదు. నా భుజం పట్టుకుని లేవబోయి, రెండుసార్లు కూలబడింది. 'బాగుందే, నీకు నచ్చిందిగా' అంది నవ్వుతూ.

ఎత్తుగా ఉండే వ్యాగనార్‌లోంచి మాత్రం కుర్చీలోంచి లేచినట్టే లేచింది. ఏమీ అనలేదు.

'ఇదే తీసుకుందాం' అన్నాన్నేను. మావారి ముఖం వెలిగిపోయింది. అయితే 1 లీటరు ఇంజిన్ కాదు, 1.2దే కావాలని మెలిక పెట్టాను. ఆ మాత్రం సరదా ఉండొద్దూ!