మారిషస్ ద్వీపమున మన సంక్రాంతి

ముడిమ్యాలలో సంక్రాంతినాటి వేకువచలికి వ్రేళ్లు కొంకర్లు పోవుచుండగా ముగ్గులు పెట్టుదుము. మావారు ఉపాధ్యాయులై మారిషస్ ద్వీపమునకు వెళ్లిన యేట నాకా పండుగ చెమటలో గడచినది. ఆ ద్వీపము భూమధ్యరేఖకు దక్షిణమున నున్నందున డిసెంబరు, జనవరి మాసము లచట నడివేసవి; బడులకు పెద్ద సెలవులును అప్పుడే. ఉత్తరాయణమున మనకు పగళ్లు పెరుగును, వారికి తరుగును. పంచాంగ మొక్కటే, ఫలము విపరీతము!

నేను బట్టపై సకినాలు చుట్టుచుండగా పొరుగింటి అవ్వ వచ్చి కూర్చుండెను. ఆమె పూర్వులు పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవునుండి చెరకుతోటల కూలికై పోయినవారు. అట్టి కూలీలు ఓడ దిగి యెక్కిన మెట్లు పోర్ట్ లూయీలో నేటికిని ఉన్నవి. ఆప్రవాసీ ఘాట్ అను నా చోటును 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

ఇంట క్రియోల్ మాటలాడు నా యవ్వకు తెలుగు రామభజనములయందే మిగిలినది. భజన తప్పులేక పాడును. అర్థ మడిగిన నవ్వును. సకినమును చూపి యిదేమని సైగ చేసెను. కోస్తావారి సంతతికి మన తెలంగాణపు పిండివంట యెట్లు తెలియును? ఆమె యెదుట నేను విదేశీయురాలనో, చుట్టమునో నాకు తోచలేదు.

నాలుగు సకినాలు పళ్లెమున పెట్టి యిచ్చితిని. ఉగాదికి తమ యింటికి రమ్మనెను. ఉగాది యచట దేశమంతటికిని ప్రభుత్వపు సెలవు.