తగ్గుముఖం పట్టిన తోకచుక్క

తోకచుక్కను చూడాల్సింది దాని పేరు మారుమోగే వారంలో కాదు, సందడి సద్దుమణిగాక. 2023లో వచ్చిపోయిన జడ్‌టీఎఫ్ తోకచుక్కే ఇందుకు సాక్ష్యం. ఫిబ్రవరి 1న అది భూమికి సుమారు 4.2 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. అందరూ తలెత్తి చూసింది అప్పుడే. కానీ 5న మాఘ పౌర్ణమి. నక్షత్రం చిన్న బిందువు కనుక వెన్నెలను తట్టుకుంటుంది, మసకగా పరుచుకున్న తోకచుక్క తట్టుకోలేదు. పదో తేదీ దాటేసరికి దాని కాంతి తగ్గిన మాట నిజమే గానీ, చంద్రుడు బాగా పొద్దుపోయాక తప్ప రావడం లేదు. పైగా 11 ప్రాంతంలో కుజుడి పక్కన, 14 ప్రాంతంలో రోహిణి పక్కన ఉంది. కంటికి ఆనకపోయినా బైనాక్యులర్స్‌తో వెతికే శ్రమ లేదు.

అనంతపురం దగ్గరి రాప్తాడు పెరట్లో ఈ లాభం ఇంకా ఎక్కువ. ఈ అక్షాంశంలో ఫిబ్రవరి నడుమ చీకటి పడేసరికి రోహిణి దాదాపు నడినెత్తిన ఉంటుంది. ఉత్తరాన అనంతపురం దీపాలు దిగంతాన్ని పాడుచేసినంతగా నడినెత్తిని పాడుచేయవు. పడమటి కనుమల చాటున వాన దక్కని నేల కనుక ఆకాశం తేటగా ఉంటుంది. దీన్ని కరువు ఇచ్చిన వరం అనను; ఏటా 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకుని వేరుశనగ వేసేవాళ్ల ముందు ఆ మాట అన్యాయం. తోకచుక్క అరిష్టమని జంకేవాళ్లూ ఉన్నారు. తోకచుక్క వచ్చిన ఏడూ రాని ఏడూ వానను ఆపే ఆ కనుమలు అక్కడే ఉన్నాయి కదా!

ఫొటోలో పచ్చటి గోళం కనిపిస్తుంటే బూడిదరంగు మరక కోసం మెడ నొప్పి ఎందుకని అడగొచ్చు. మెడ సంగతికి మంచం చాలు: వెల్లకిలా పడుకుని, మోచేతులు పక్కలకు ఆనిస్తే 10x50 బైనాక్యులర్స్ వణకవు. చూపును మరకకు కాస్త పక్కన నిలపాలి. మసక వెలుగును పట్టేది కంటి అంచే. ఇక ఫొటో ఎన్నో నిమిషాల కాంతిని కూడబెట్టి పచ్చదనం చూపిస్తుంది, కానీ నిన్నటికీ ఇవాళ్టికీ తేడాను మన చేత కొలిపించదు. ఫోకస్ చెదరగొట్టి, దగ్గరి నక్షత్రాలను తోకచుక్కంత మరకలుగా సాగదీసి పోలిస్తే దాని కాంతి అంచనాకు దొరుకుతుంది. రోజు విడిచి రోజు రాసుకుంటే లెక్క తేలుతుంది. ఆ ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో భూమి నుంచి దాని దూరం దాదాపు రెట్టింపైంది. అందువల్లే కాంతి నాలుగో వంతు దరిదాపులకు పడిపోవాలి. అంతకన్నా ఎక్కువ తగ్గిందంటే, జనవరి 12న సూర్యుడి చుట్టూ మలుపు తిరిగి చలిలోకి పోతున్న ఆ మంచుముద్ద ఆవిరి విడవడం తగ్గించుకుంటోందన్నమాట. మంచం మీది మనిషికి ఆ సంగతి పట్టించేది ఈ తగ్గుముఖమే.