మోకాలు వంగకపోతే ఎంత శాతం పోయినట్టు?

రోడ్డు ప్రమాదంలో ఒకడి కాలు విరిగిందని తెలియగానే చుట్టుపక్కల వాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి, వాడి తలరాత. రెండోది, దేవుడి దయవల్ల ప్రాణమైనా దక్కింది. రెండింటి సారాంశం ఒకటే: ఇందులో ఎవరినీ అడగవలసిందేమీ లేదు. మా విల్లియనూరులో మొక్కుకోవడానికి చోటుకు కొదవ లేదు. తిరుకామీశ్వరర్ కోవెల ఉంది, లూర్దు మాత చర్చి ఉంది. మొక్కుకునే వాళ్ళతో నాకు తగాదా లేదు. కానీ తలరాత మీద ఏ ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియం వసూలు చెయ్యదు. ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అని చట్టం పెట్టింది ఎందుకు? ఎదుటివాడికి దెబ్బ తగిలితే దానికి బాధ్యులు మనుషులే గనుక.

నేను బి.కాం. చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. సైనికుల వైకల్య పెన్షన్ లెక్క నాకు తెలుసు. మెడికల్ బోర్డు శాతం రాస్తుంది, అకౌంట్స్ వాళ్ళు దాని ప్రకారం లెక్క కడతారు. 1996 జనవరి 1 తర్వాత సర్వీసు కారణంగా వచ్చిన వైకల్యంతో ఇంటికి పంపబడిన సైనికుడికి బోర్డు 20 శాతం అని రాసినా 50 శాతంగా లెక్కిస్తారు. అంటే ప్రభుత్వం ఆ శాతాన్ని అతనికి అనుకూలంగా పైకి సవరిస్తుంది.

రోడ్డు మీద దెబ్బ తిన్నవాడికి ఆ శాతం కిందికి జారుతుంది. ఎలాగో చెబుతాను.

మా వీధిలో టైల్స్ వేసే మేస్త్రీ ఒకతను ఉన్నాడు. వయసు 30. విల్లుపురం రోడ్డు మీద ఒక వ్యాన్ అతని బండిని గుద్దింది. కాలికి ప్లేటు వేశారు. ఎముక అతికింది గానీ మోకాలు సగమే వంగుతుంది. డాక్టరు సర్టిఫికెట్‌లో కాలికి 40 శాతం వైకల్యం అని రాశారు. మొత్తం శరీరానికి అది 15 శాతమే అని ఎదుటి పక్షం వాదన. లోక్ అదాలత్‌లో రాజీ పడితే అన్నీ కలిపి ఏడు లక్షలు ఇస్తామన్నారు. అతని భార్య ఆ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"పెదనాన్నా, వడ్డీలు కట్టలేకపోతున్నాం. రేపు సంతకం పెట్టమంటున్నారు. పెట్టమంటావా?"

నేను జవాబు చెప్పలేదు. కాగితం తీసి లెక్క వేశాను. మీరూ చూడండి.

నెలకు 15,000 సంపాదన అనుకుందాం. 40 ఏళ్ళ లోపు వాడు, సొంతంగా పని చేసుకునేవాడు గనుక భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేఠీ కేసులో చెప్పింది. అది 21,000. ఏడాదికి 2,52,000. వయసు 26-30 మధ్య ఉంటే 17తో గుణించాలని 2009 నాటి సరళా వర్మ తీర్పు. మొత్తం 42,84,000. ఇందులో 15 శాతం అయితే 6,42,600. అదే 60 శాతం అయితే 25,70,400. తేడా 19,27,800 రూపాయలు. కాలు అదే, ఎక్స్‌రే అదే. మారింది ఒక్క అంకె.

మరి ఆ అంకె ఎవరు తేల్చాలి? 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనికి సమాధానం ఇచ్చింది. శరీరంలో ఎంత శాతం పోయిందన్నది డాక్టరు చెబుతాడు. సంపాదనలో ఎంత శాతం పోయిందన్నది ట్రిబ్యునల్ తేల్చాలి. రెండూ ఒకటి కావు. కోర్టు ఇచ్చిన ఉదాహరణ చూడండి: ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టే. ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం ఉంటే జీతం పోకపోవచ్చు. నా బోటివాడికి ఈ మోకాలు వచ్చి ఉంటే కుర్చీలో కూర్చుని లెడ్జర్లు రాసుకునేవాణ్ణి. టైల్స్ మేస్త్రీ రోజంతా గొంతుకూర్చోవాలి!

2014లో సయ్యద్ సాదిక్ కేసు కూడా ఇలాంటిదే. కూరగాయలు అమ్మే మనిషికి కాలు తీసేశారు. హైకోర్టు నష్టాన్ని 65 శాతంగా లెక్కగట్టింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, 85 శాతం అంది. అలాంటి మనిషిని ఆదాయానికి కాగితాలు తెమ్మనడం కూడా న్యాయం కాదంది.

ఇక్కడ హేతువాదులు ఒక ప్రశ్న వెయ్యాలి, వేస్తారు కూడా. దొంగ క్లెయిములు లేవా? ఉన్నాయి. వాటిని విచారించడానికి ఉత్తరప్రదేశ్‌లో 2015లో అలహాబాదు హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయించింది. దానికి మందు సాక్ష్యమే. అసలు బాధితుడికి ఆసరా కూడా సాక్ష్యమే. దొంగను పట్టించే కాగితమే నిజమైన వాణ్ణి నిలబెడుతుంది.

అందుకే ఆ అమ్మాయితో ఇలా అన్నాను: "సంతకం పెట్టమనీ అనను, వద్దనీ అనను అమ్మా. లోక్ అదాలత్‌లో ఒప్పుకుంటే మళ్ళీ అప్పీలు లేదు. ముందు మీ వకీలును ఒక్కటి అడుగు. ఆపరేషన్ చేసిన డాక్టరును సాక్షిగా పిలిచి, ఈ మనిషి ఇక టైల్స్ వెయ్యగలడా అని అడిగారా?"

అడగలేదట. ఆ మర్నాడు వాళ్ళు సంతకం పెట్టలేదు. కేసు పుదుచ్చేరిలో ఇంకా నడుస్తోంది. ఈలోగా ఆమె మెడలోది కుదువ పెట్టిన చోట వడ్డీ పెరుగుతోంది. ట్రిబ్యునల్ ఇచ్చే సొమ్ము మీద కూడా వడ్డీ వేస్తారు గానీ, అది వచ్చేది తీర్పు తర్వాత. ఎదురుచూసే స్తోమత లేనివాడికే తక్కువ మొత్తం న్యాయంగా కనిపిస్తుంది. రాజీ బేరాల బలమంతా అందులోనే ఉంది.

చట్టం కొంత మారింది, అది కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి తప్పెవరిదో రుజువు చెయ్యకుండానే తీవ్రంగా గాయపడ్డవారికి రెండున్నర లక్షలు అడిగే దారి ఉంది. గుద్దిన బండి దొరకకపోతే తీవ్ర గాయానికి 50,000. అదే రోజు నుంచి క్లెయిముకు ఆరు నెలల గడువు కూడా పెట్టారు. 2025 మేలో వచ్చిన పథకం కింద ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం. ఇవన్నీ మొదటి వారానికి పనికొస్తాయి. మోకాలు వంగని మిగతా ముప్పై ఏళ్ళకు పనికొచ్చేది ఆ ఒక్క శాతమే.

కనుక మీ వీధిలో ఎవరికైనా ఇలా జరిగితే ఓదార్పు మాటలు తర్వాత. ఎఫ్.ఐ.ఆర్. కాపీ, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, ఆటో చీటీలతో సహా ఒక ఫైలు కట్టించండి. అతను రోజూ ఏ పని చేసేవాడో, ఇప్పుడు ఏది చెయ్యలేడో ఒక తెల్లకాగితం మీద రాయించండి. తలరాత చదవగలవాడు ఇంతవరకు ఎవడూ లేడు. ఈ రాత జడ్జి చదవగలడు.