చిన్న సైజు లేదండీ!

గోదావరంటే భయం. సముద్రమంటే మరీ భయం. అదేంటో గానీ, పార్కు పక్కనున్న రిజర్వాయరంటే మాత్రం మనకు పెరట్లో నీళ్లతొట్టి లెక్క! వరద ఉండదు, పెద్ద అలలుండవు. అవతలి గట్టున మొక్కజొన్న పొత్తులు కాల్చే మనిషి కూడా కనిపిస్తుంటాడు. ఇంకేం ప్రమాదం?

నిజానికి బోటు మునగడానికి అలలూ వరదా అక్కర్లేదు. అందులో ఎక్కిన మనం చాలు. కేరళలోని తేక్కడి సరస్సు ఆనకట్ట కట్టడం వల్ల ఏర్పడిందే. 2009 సెప్టెంబరు 30న అక్కడ రెండంతస్తుల పర్యాటక బోటు బోల్తాపడి 45 మంది చనిపోయారు. జంతువుల్ని చూద్దామని జనం ఒక్కసారిగా ఒకవైపుకు చేరారని అప్పట్లో చెప్పుకొన్నారు. వడోదరలోని హర్ని చెరువైతే ఊళ్లోనే ఉంది. 2024 జనవరి 18న పిక్నిక్‌కు వచ్చిన బడిపిల్లలు 12 మంది, టీచర్లు ఇద్దరు అక్కడ ప్రాణాలు కోల్పోయారు. బోటులో ఎక్కాల్సినవాళ్ల కంటే ఎక్కువమంది ఎక్కారు. లైఫ్ జాకెట్లు అందరికీ లేవు.

అంతెందుకు, మన హుస్సేన్‌సాగర్! బోటెక్కి బుద్ధుడి దగ్గర ఫొటో దిగనివాళ్లు ఎంతమంది ఉంటారు? ఆ విగ్రహాన్ని 1990 మార్చిలో తరలిస్తుంటేనే బార్జి ఒరిగి, నీళ్లలో పడిపోయింది. మనుషులూ పోయారు. 1992లో గానీ విగ్రహాన్ని నిలబెట్టలేకపోయారు.

మొన్న సెలవుల్లో మా అయిదేళ్ల పాప, మా ఆయన, అత్తయ్య, ఆడపడుచు కుటుంబంతో కలిసి ఓ రిజర్వాయరు పార్కుకు వెళ్లాం. టికెట్లు తీసుకుని లైన్లో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. బోటు అబ్బాయి పాపకు ఓ నారింజరంగు జాకెట్ తొడిగాడు. అది దాని మోకాళ్లదాకా వచ్చింది.

‘‘చిన్న సైజు లేదా బాబూ?’’

‘‘లేదండీ. తాడు గట్టిగా కడతాలెండి, ఏం కాదు మేడం.’’

అతను కట్టాక, జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాను. జాకెట్ చెవులదాకా లేచింది. పాప గడ్డం, ముక్కు లోపలికి పోయాయి. నీళ్లలో పడ్డా జరిగేది అదే. జాకెట్ తేలుతుంది, పిల్ల జారిపోతుంది.

‘‘మేం ఎక్కం’’ అన్నాను. అంతే! పాప ఏడుపు. వెనక లైన్లో గొణుగుడు. ‘‘ఇంతమంది ఎక్కుతుంటే మనకేనమ్మా భయం?’’ అని అత్తయ్య. ‘‘నాకు ఈతొచ్చు కదక్కా, పట్టుకుంటాలే’’ అని మా ఆడపడుచు భర్త.

ఈ ఈత సంగతి ఒకటి చెప్పుకోవాలి. కాలవలో ఒంటరిగా ఈదడం వేరు, ప్యాంటూ షర్టుతో పడిపోయి, మెడకు ఇద్దరు చుట్టుకుంటే ఈదడం వేరు. పైగా మునిగేవాళ్లు సినిమాల్లోలా చేతులూపి ‘రక్షించండి’ అని అరుస్తారనుకుంటాం. చాలాసార్లు అరుపే వినబడదు. నోరు నీటిపైకి వచ్చే ఆ ఒక్క క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇక అరవడానికి గాలెక్కడిది? చేతులేమో తేలడం కోసం నీటిని కిందికి అదుముతుంటాయి. పక్కనున్నవాళ్లకే తెలియకుండా పిల్లలు మునిగిపోయేది ఇందుకే. పడ్డాక జాకెట్ వేసుకోవచ్చులే అంటారు కొందరు. ఒడ్డున, తీరిగ్గా నిలబడి ఆ బకిల్స్ పెట్టుకోవడానికే మనకు పక్కవాళ్ల సాయం కావాలి!

చట్టం లేదా అంటే ఉంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. కానీ రేవు దగ్గర మన పాపకు తాడు కట్టేది మాత్రం ఆ బోటు అబ్బాయే. అతని దగ్గర చిన్న సైజు లేదు.

మా ఆయనా నేనూ పాపను తీసుకుని పక్కకొచ్చేశాం. ఐస్‌క్రీమ్ కొనిపెడితే గానీ ఏడుపు ఆగలేదు. మిగతావాళ్లు వెళ్లి, అరగంటలో నవ్వుకుంటూ వచ్చారు.

‘‘చూశావా వదినా, ఏమైనా అయిందా?’’ అంటూ మా ఆడపడుచు ఫోన్లో ఫొటోలు చూపించింది. బాగా వచ్చాయి. నీళ్ల మధ్యలో అందరూ ఒకేవైపు నిలబడి నవ్వుతున్నారు. జాకెట్లు కాళ్ల దగ్గర కుప్పగా పడున్నాయి.

‘‘ఫొటోలో చీర కనపడటం లేదని తీసేశాం, అంతే’’ అంది.