కొండెక్కాక బండి ఎందుకు మూలుగుతుంది?

రోజూ నోటిఫికేషన్లు, హాల్ టికెట్ల గురించి మాట్లాడుకుంటాం కదా, ఈరోజు బండి గురించి మాట్లాడుకుందాం. మన ఊళ్లలో బండి షోకు కోసం కాదు. సంతకైనా, కాలేజీకైనా, డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా అదే దిక్కు. ఘాట్ మధ్యలో ఆగిపోతే అక్కడ మెకానిక్ దొరకడు.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 రూల్ వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షనే. మనం కొనేవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్. వాటిలో పాతవాటికి ఎక్కువగా ఉండేది కార్బొరేటర్.

దాని పని గాలిలో పెట్రోల్ కలపడం. రెండు కొండల సందులో గాలి ఎలా జోరుగా కొడుతుందో, కార్బొరేటర్ ఇరుకు దారిలోనూ అంతే. గాలి వేగం పెరిగితే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. దాంతో కింద గిన్నెలోని పెట్రోల్ సన్నని జెట్ గుండా పైకొచ్చి తుంపరలా కలుస్తుంది. సుమారు 15 గ్రాముల గాలికి 1 గ్రాము పెట్రోల్ అయితే సరిగ్గా మండుతుంది.

నర్సీపట్నంలో సెట్ చేసిన బండి లంబసింగి ఎక్కిందనుకోండి. అక్కడ ఎత్తు దాదాపు 1,000 మీటర్లు, గాలి సుమారు పదో వంతు పలచన. ఆ సంగతి కార్బొరేటర్‌కి తెలియదు. పెట్రోల్ మాత్రం దాదాపు ముందులాగే పోస్తుంది. అందుకే నల్లపొగ, పికప్ లేకపోవడం, మైలేజ్ పడిపోవడం. కొండ మీద తిరిగే బండిని కొండ మీదే సెట్ చేసుకోవాలి.

సెలవుల్లో మేం కుర్రాళ్లం చేసేది ఇదే. ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేస్తాం. పది నిమిషాలు నడిపి ఇంజిన్ వేడెక్కాక చోక్ పూర్తిగా తీసేస్తాం. మిక్చర్ స్క్రూ ఇప్పుడు ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, పావు తిప్పు చొప్పున అటూ ఇటూ తిప్పి చూస్తాం. ఇంజిన్ ఎక్కడ వేగంగా, నున్నగా తిరిగితే అక్కడ వదిలేస్తాం. తర్వాత స్లో స్క్రూతో వేగం తగ్గిస్తాం. మిక్చర్ స్క్రూని గట్టిగా బిగించకూడదు, మొన పాడైపోతుంది. పెట్రోల్ కారుతుంటే దగ్గర్లో బీడీ, నిప్పు వద్దు.

కొంత దూరం నడిపాక ప్లగ్ తీసి చూడండి. మసి నలుపుంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, లేత గోధుమ రంగుంటే సరి. ఈ స్క్రూ పనిచేసేది తక్కువ రేస్‌లోనే. ఫుల్ రేస్‌లో కూడా నల్లపొగ వస్తుంటే మెయిన్ జెట్ మార్చాలి, అది మెకానిక్ పని.

చెల్లెళ్లూ, ఇది మగపిల్లల పని అని పక్కకి తప్పుకోవద్దు. ఊరికి ఇద్దరికైనా ఈ పని వస్తే, అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్లకి “బండి స్టార్ట్ అవ్వట్లేదు” అని చెప్పాల్సిన అవసరం ఉండదు.