నాలుగు రోజులకో సంవత్సరం

ఆ కుర్రాడికి ఇరవై ఎనిమిదేళ్లు. పీహెచ్‌డీ విద్యార్థి. గురువుగారు ఏడాది సెలవు మీద హవాయి వెళ్లారు. టెలిస్కోపు బాధ్యత మొత్తం అతని మీదే పడింది. సరిగ్గా అప్పుడే ఓ నక్షత్రం మొండికేసింది!

1994-95 చలికాలం. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఓత్ ప్రొవాన్స్ అబ్జర్వేటరీ. స్విట్జర్లాండ్‌లోని జెనీవా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డిడియర్ క్వెలోజ్ నక్షత్రాల వేగాన్ని కొలుస్తున్నాడు. 51 పెగాసీ అనే నక్షత్రం వేగం మాత్రం ఒక రాత్రి ఉన్నట్టు మరో రాత్రి ఉండటం లేదు. యంత్రం కొత్తది. లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ రాసింది తనే. అంటే... తప్పు తనదేనా? కొన్నేళ్ల కష్టం, పీహెచ్‌డీ, అన్నీ గంగపాలేనా? గురువుకు చెప్పడానికి కూడా భయమేసింది. గుట్టుగా కూర్చుని మళ్లీ మళ్లీ సరిచూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. దొరికిందల్లా ఒక్క అంకె... 4.23 రోజులు. అన్నిరోజులకోసారి ఆ నక్షత్రం ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

ఒప్పులకుప్ప ఆట

గ్రహం కనిపించకపోయినా ఉందని ఎలా తెలుస్తుంది? నాన్న రెండు చేతులూ పట్టుకుని బుడ్డోడు ఒప్పులకుప్ప తిరగడం చూసే ఉంటారు. బుడ్డోడు పెద్ద చుట్టు తిరుగుతాడు. నాన్న ఒక్కచోటే ఉన్నట్టున్నా ఆయన కాళ్లు కూడా చిన్న చుట్టు చుడుతూనే ఉంటాయి. బుడ్డోణ్ని చీకటి దాచేసినా, నాన్న అడుగుల్ని బట్టి అవతల ఎవరో ఉన్నారని చెప్పేయొచ్చు. నక్షత్రం, గ్రహం సంగతీ అంతే. నక్షత్రం మనవైపు వస్తున్నప్పుడు దాని కాంతి కాస్త నీలంవైపు, దూరమవుతున్నప్పుడు ఎరుపువైపు జరుగుతుంది. ఆ జరుగుబాటే ఆధారం.

51 పెగాసీ సెకనుకు 50 మీటర్లకు పైగా వేగంతో ఊగుతోంది. లెక్క కడితే, దాని చుట్టూ తిరుగుతున్నది మన గురుగ్రహంలో సగం బరువున్న వాయుగోళమని తేలింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. మన గురుడు సూర్యుడికి దాదాపు 78 కోట్ల కిలోమీటర్ల దూరంలో, పన్నెండేళ్లకోసారి చుట్టి వస్తాడు. ఇదేమో 78 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే నూరోవంతు! మన బుధుడికంటే ఏడురెట్లు దగ్గర. అక్కడ వేడి దాదాపు వెయ్యి డిగ్రీలు. అంత పెద్ద గ్రహం అంత దగ్గర ఉండటానికి వీల్లేదని అప్పటి సిద్ధాంతం. మంచు, వాయువులు పోగయ్యే చలిప్రాంతంలోనే అలాంటివి పుడతాయని అందరూ నమ్మేవారు.

చివరికి ధైర్యం చేసి గురువు మిషెల్ మేయర్‌కు చెప్పాడు క్వెలోజ్. ఆయన కొట్టిపారేయలేదు. అలాగని తొందరా పడలేదు. గ్రహం దొరికిందని చాటి, తర్వాత నాలుక కరుచుకున్నవాళ్లు అప్పటికే ఉన్నారు మరి. ఈలోగా ఆ నక్షత్రం సూర్యుడి వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ కనిపించేది జులైలోనే. అప్పటికి అది ఎలా ఊగుతుండాలో ముందే లెక్క వేసిపెట్టుకున్నారు. 1995 జులైలో టెలిస్కోపు తిప్పితే... నక్షత్రం అచ్చం అలాగే ఊగుతోంది! అక్టోబరు 6న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ప్రపంచానికి చెప్పారు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ దొరికిన మొట్టమొదటి గ్రహం అది.

పన్నెండేళ్లు చూసినా...

ఈ కథలో ఇంకో ఇద్దరున్నారు. కెనడాకు చెందిన గోర్డన్ వాకర్, బ్రూస్ క్యాంప్‌బెల్. 1980ల ఆరంభంలో, గ్రహాల వేటంటే తోటివాళ్లు నవ్వే రోజుల్లో, హవాయిలోని టెలిస్కోపుతో పని మొదలుపెట్టారు. ప్రాణాలు తీయగల హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువు నింపిన గొట్టంలోంచి నక్షత్రకాంతిని పంపి, దాన్నే కొలబద్దగా వాడుకున్నారు. గురుడు ఒక్క చుట్టు తిరిగేంత కాలం, పన్నెండేళ్లపాటు 21 నక్షత్రాలను చూశారు. ‘ఏమీ దొరకలేదు’ అన్న వాళ్ల పత్రం 1995 ఆగస్టులో వెలువడింది. ఫ్లోరెన్స్ ప్రకటనకు సరిగ్గా రెండు నెలల ముందు!

శాశ్వత ఉద్యోగం దొరకని క్యాంప్‌బెల్ అంతకు నాలుగేళ్ల ముందే ఖగోళశాస్త్రానికి దండం పెట్టి, పన్నుల సలహాదారుగా స్థిరపడిపోయాడు. గామా సెఫై అనే నక్షత్రం దగ్గర గ్రహం జాడ ఉందని 1988లో ఈ బృందమే అనుమానించింది. అది నక్షత్రం తీరే కావచ్చంటూ 1992లో వెనక్కి తగ్గింది. నిజంగానే అక్కడ గ్రహం ఉందని 2003లో రుజువైంది.

మేయర్ బృందం జాబితాలో 142 నక్షత్రాలున్నాయి. వేడి గురుగ్రహాలు నూటికి ఒక నక్షత్రం దగ్గర ఉండటమే ఎక్కువ. కాబట్టి ఇందులో అదృష్టమూ ఉంది. అదొక్కటే కాదు. అమెరికాలో జెఫ్ మార్సీ, పాల్ బట్లర్ దగ్గర 1987 నుంచి పోగేసిన సమాచారం ఉంది. గ్రహం చుట్టి రావడానికి ఏళ్లు పడుతుంది కదా, తొందరేముందని చాలావరకు విశ్లేషించకుండా ఉంచారు. స్విస్ కబురు విన్నాక కొద్దిరోజుల్లోనే దాన్ని నిర్ధారించారు. తర్వాత పాత సమాచారం తిరగేసి 1996 జనవరిలో మరో రెండు గ్రహాలను ప్రకటించారు. అంటే అవి వాళ్ల కంప్యూటర్లలోనే ఉన్నాయి!

అసలు ఈ మాట 1952లోనే ఆటో స్ట్రూవ్ చెప్పాడు. పెద్ద గ్రహాలు నక్షత్రానికి బాగా దగ్గరగా, రోజుల్లోనే చుట్టేస్తూ ఉండకూడదా, వెతికితే పోయేదేముంది అని. ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ తర్వాత గడిచిన 43 ఏళ్లలో ఆ గ్రహానికి సుమారు 3,700 సంవత్సరాలు అయిపోయాయి.

అలాంటి గ్రహాలు దూరంగా చలిలోనే పుట్టి, చుట్టూ ఉన్న ధూళి, వాయువులతో పెనుగులాడుతూ మెల్లగా లోపలికి జరిగి ఉంటాయని శాస్త్రవేత్తలు ఇప్పుడు భావిస్తున్నారు. పుట్టినచోటే గ్రహాలు ఉండిపోవాలన్న నియమమేమీ లేదన్నమాట. ఇప్పటికి దొరికిన పరాయి గ్రహాల లెక్క 6 వేలు దాటింది. 2019లో భౌతికశాస్త్ర నోబెల్‌లో సగభాగం మేయర్, క్వెలోజ్‌లకు దక్కింది.

కార్తీకమాసంలో రాత్రి తొమ్మిదింటప్పుడు తలెత్తితే నడినెత్తికి దగ్గరలో పూర్వాభాద్ర తారలు రెండు కనిపిస్తాయి. వాటి మధ్య, కాస్త పడమటికి ఉంటుంది 51 పెగాసీ. ఊరి దీపాలకు దూరంగా వెళ్తే మామూలు కంటికే లీలగా ఆనుతుంది. ఇప్పుడు మనకు చేరే కాంతి అక్కడ బయల్దేరి యాభై ఏళ్లయింది. వాకర్, క్యాంప్‌బెల్ పని మొదలుపెట్టకముందన్నమాట. అప్పటికే ఆ గ్రహం నాలుగు రోజులకో చుట్టు తిరుగుతూనే ఉంది... ఎవరైనా ఓ వారం రోజులు తనవైపు చూస్తారేమోనని!