ఒంటెద్దు ఏరువాక

వేసవి సెలవుల్లో మా మనవణ్ణి గండికోట చూపించడానికి తీసుకువెళ్ళాను. పెన్న లోయ అంచున తిరిగి తిరిగి, ఎండ పెరగగానే జామియా మసీదు దగ్గరున్న పాత ధాన్యాగారం నీడన కూర్చున్నాం. "తాతా, ఇంత పెద్ద గాదెను ఎవరు నింపినారు?" అని అడిగాడు. పెమ్మసానివారి కాలం కథ చెప్పబోయాను గాని, వాడు వినలేదు. సంచిలో నుండి బొమ్మల పుస్తకం తీసి, "ఇట్లా ఎద్దులతో దున్ని నింపినారా?" అని ఒక పుట చూపించాడు.

ఆ బొమ్మ జపానుది. హిరోషిమా ప్రాంతంలో మిబు అనే ఊరిలో ప్రతి సంవత్సరం జూన్ మొదటి ఆదివారం వరినాట్ల పండుగ చేస్తారు. ఎద్దులకు రంగురంగుల జీనులు, మెడపట్టీలు వేసి మడి దున్నిస్తారు. డోళ్ళు, పిల్లనగ్రోవులు మ్రోగుతుండగా స్త్రీలు పాడుతూ నాట్లు వేస్తారు. సాన్‌బాయ్ అనే పొలం దేవత ఆ దినాన వచ్చి పంటను దీవిస్తుందని వారి నమ్మకం. 2011లో యునెస్కో ఈ వేడుకను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

"మనకు ఇట్లాంటిది లేదా తాతా?" అన్నాడు వాడు.

ఉంది. అదే జ్యేష్ఠ మాసంలో వచ్చే ఏరువాక పున్నమి. సాధారణంగా జూన్ నెలలోనే పడుతుంది. మా చిన్ననాట కొండాపురం వైపు పల్లెల్లో అదే రైతుకు సంవత్సరాది. తెల్లవారుజామునే ఎద్దులను బావి దగ్గరకు తోలి కడిగేవారు. కొమ్ములు చెక్కి రంగులు పూసేవారు. మెడకు మువ్వల పట్టెడలు, కొమ్ములకు కుచ్చులు కట్టేవారు. మడకకు, గొర్రుకు, కాడికి పసుపు కుంకుమలు పెట్టి పూజ చేసేవారు. బెల్లం వేసిన పొంగలి మొదట ఎద్దులకు పెట్టి, ఆ తరువాతే మనుష్యులు తినేవారు.

సాయంత్రం ఊరి వాకిట గోగునార తోరణం కట్టి, దాని కింద ఎద్దులను తోలేవారు. వయసు పిల్లలు చెర్నాకోలలతో కొట్టి తోరణాన్ని తెంపి, దొరికిన నారపోగును ఇంటికి తీసుకుపోయేవారు. దాన్ని ఎద్దు మెడకు కడితే రోగాలు రావని, మడకకు కడితే పంట తప్పదని నమ్మిక. పొరుగున ఉన్న కన్నడ దేశంలో ఇదే పండుగ కారహుణ్ణిమె. అక్కడ కొన్ని ఊళ్ళలో ఎద్దులను పరుగెత్తించి, తెల్లది ముందు వచ్చిందా, ఎర్రది ముందు వచ్చిందా చూసి ఏ పంట బాగా పండుతుందో చెబుతారు.

మా నాయనకు మూడెకరాల మెట్ట, జత ఎద్దులు. ఆ దినం ఆయనా ఎద్దులను కడిగి, రంగులు పూసి, పొంగలి పెట్టేవాడు గాని పూజ చేసేవాడు కాదు. తోరణం కిందికి ఎద్దులను తోలేవాడూ కాదు. ఊరివారు దానిని సహించారు. కాని ఒక ఏడు తోరణం దగ్గర పదిమందిలో నిలబడి, "ఈ నారపోగు వాన కురిపిస్తుందా అన్నా?" అని పక్క చేని పెదనాయనను ఎగతాళిగా అడిగాడు. ఆయన మారు మాట్లాడలేదు. ఆనాటి నుండి మా ఇంటికి రావడం మానుకున్నాడు.

మరుసటి ఏడు కరువు. నేనప్పుడు ఏడవ తరగతి. గడ్డివామి అడుగంటింది. రెండెడ్లను మేపలేక నాయన ఒకదాన్ని సంతలో అమ్మేశాడు. ఎద్దును అమ్మినా పలుపు ఇవ్వకూడదని మా వైపు ఆనవాయితీ. ఆయన ఆ పలుపు ఒక్కటే భుజాన వేసుకొని ఇంటికి వచ్చాడు. అమ్మ ఏమీ అడగలేదు. ఆ రాత్రి ఎవరమూ సరిగా అన్నం తినలేదు.

ఏరువాక వచ్చింది. నాయన ఉన్న ఒక్క ఎద్దునే కడిగి కొట్టంలో కట్టేశాడు. వాళ్ళ ఎద్దులు తోరణం కింద నడవలేదు గనుకనే వానలు పోయినాయని వీధిలో ఎవరో అనడం మాకు వినిపించింది. చీకటి పడే వేళకు పెదనాయన మా వాకిట నిలబడ్డాడు. ఒక చేతిలో తన ఎద్దు పలుపు, మరొక చేతిలో తోరణపు నారపోగు.

"నీ ఎద్దు తోరణం కింద నడవకపోతే నీ ఇష్టం అబ్బీ. నా ఎద్దు పక్కన కాడి కింద నడుస్తాదా, లేదా? అది చెప్పు. నాకూ ఒకటే మిగిలింది" అన్నాడు.

నాయన చాలాసేపు తల వంచుకొని, చివరకు "పోయినేడు నేను ఆ మాట అనకూడదన్నా" అన్నాడు. ఆయన ఒకరిని క్షమాపణ అడగడం నేను చూసింది అదే మొదలు. ఆ నారను ఆయన ఎద్దు మెడకు కట్టలేదు, పారేయనూ లేదు. అమ్మిన ఎద్దు పలుపు ఒకచోట చివికి ఉంటే, అక్కడ ఆ నారను కలిపి పేనినాడు.

ఆ ఏడు మాది పొత్తు సేద్యం. దాపట మా ఎద్దు, వెలపట ఆయన ఎద్దు. ఆదివారం నాయన కాడి కట్టడు, సోమవారం పెదనాయన కట్టడు. అందువల్ల ఎద్దులకు వారానికి రెండు దినాలు విశ్రాంతి దొరికింది! విశ్రాంతి దినాన ఎద్దుకు కూడా విశ్రాంతి ఉండాలని నిర్గమకాండములో చదువుకుంటాం. ఆ సంగతి నాకు బాగా అర్థమైంది మాత్రం మా కొట్టంలోనే. వానలు ఆలస్యంగా వచ్చాయి. జొన్నలు కొద్దిగానే పండాయి. కళ్ళంలోనే సగం సగం పంచుకున్నారు.

ఆ చేలు ఇప్పుడు లేవు. 26.85 టి.ఎం.సి.ల గండికోట జలాశయంలో 2020లో నీరు పెరిగినప్పుడు ఆ వైపు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మేము ఉంటున్న కాలనీలో ఎద్దుల కొట్టం ఒక్కటీ లేదు. ఏరువాకనాడు కొందరు ట్రాక్టర్లను కడిగి వేపమండలు కడతారు. పెదనాయన కొడుకు మాకు రెండు వీధుల అవతల ఉంటాడు. ఆ సాయంత్రం వాళ్ళ ఇంటి నుండి మాకు ఓళిగలు వస్తాయి, క్రిస్మసుకు మా ఇంటి నుండి వాళ్ళకు అరిసెలు వెళ్తాయి.

ఇదంతా విన్న మనవడు ఇంటికి రాగానే ఆ పలుపు చూపించమన్నాడు. అటక మీద నుండి దించి ఇచ్చాను. నార కలిపినచోటు వేలితో తడిమి, "ఇక్కడే గట్టిగా ఉంది తాతా" అన్నాడు.

ప్రియ చదువరులారా, మన నమ్మకం మనం నిలుపుకోవలసిందే. దానికోసం పొరుగువాని మనసు గాయపరచనవసరం లేదని మా నాయన ఆ కరువు ఏట నేర్చుకున్నాడు. ఒకవేళ మనం ఎవరినైనా అలా నొప్పించి ఉంటే, వారు ఎద్దును తోలుకొని మన వాకిటికి వచ్చేవరకు ఆగకుండా మనమే వెళ్దాం.